అడవిని కోల్పోయిన బల్లి

తెలుగువారి ఇండ్లలో బల్లి లేని ఇల్లు అరుదు. సంధ్యాదీపం వెలిగే వేళకు పటాల వెనుక నుండి, దూలాల సందుల నుండి అది మెల్లగా బయటకు వచ్చి గోడపై తన వేట మొదలుపెడుతుంది. మాటల మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని పెద్దలు నమ్మేవారు. శరీరంలోని ఏ భాగంపై బల్లి పడితే ఏ ఫలం కలుగుతుందో తెలిపే బల్లిశాస్త్రానికి మన పంచాంగాలలో నేటికీ చోటున్నది. మన జీవితంతో ఇంతగా పెనవేసుకొన్న ఈ ప్రాణిని గూర్చి మనం ఆలోచించేది మాత్రం చాల తక్కువ. ఎప్పుడూ కంటి ముందుండేది ఎప్పటికీ ఉంటుందనుకోవడం మానవ సహజం.

ఈ భావన ఎంతవరకు నిజం? హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవిలో మాత్రమే జీవించిన ఒక అడవి బల్లి చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. 1979లో శాస్త్రజ్ఞులు ఆ దీవిని పరిశీలించినప్పుడు ఆ బల్లి అక్కడి అడవిలో సమృద్ధిగా ఉన్నది. 2012 అక్టోబరు తరువాత ఆ అడవిలో అది ఒక్కటి కూడా కనిపించలేదు. ఈ రెండు సంవత్సరాల మధ్య ఉన్న కాలం ముప్పై మూడేండ్లు మాత్రమే. అంటే ఒక మనిషి పుట్టి, పెరిగి, గృహస్థుడయ్యేంత కాలం. విశేషమేమంటే, ఆ బల్లి నివసించిన అడవి నేటికీ అక్కడే ఉన్నది. చెట్లున్నవి, వానలు కురుస్తున్నవి, చీమలు, పురుగులు తిరుగుతున్నవి. లేనిది బల్లి మాత్రమే.

దాని పేరు లిస్టర్ బల్లి. అది పుట్టిన చోటు క్రిస్మస్ దీవి.

సముద్రం మధ్యన ఒక శిఖరం

క్రిస్మస్ దీవి ఆస్ట్రేలియా దేశానికి చెందిన భూభాగం. అయితే ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం కంటె ఇండోనేషియాలోని జావా దీవికే అది దగ్గర. జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, ఆస్ట్రేలియా వాయవ్య తీరానికి సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. భూమధ్యరేఖకు దక్షిణంగా పది డిగ్రీలకు కొంచెం పైన ఉండడం వలన అక్కడ ఉష్ణమండల వాతావరణం నెలకొని ఉన్నది. దీవి వైశాల్యం 135 చదరపు కిలోమీటర్లు. 1643వ సంవత్సరంలో డిసెంబరు 25వ తేదీన ఆ దారిన పోతున్న విలియం మైనర్స్ అనే ఆంగ్ల నౌకాధిపతి, ఆనాటి పండుగ పేరునే ఆ దీవికి పెట్టాడు.

ఈ దీవి నిజానికి సముద్రగర్భం నుండి పైకి లేచిన ఒక అగ్నిపర్వత శిఖరం. దానిపై పగడపు జీవుల అవశేషాలు పొరలు పొరలుగా పేరుకొని సున్నపురాయిగా మారినవి. తీరం పొడవునా నిటారైన కొండచరియలు, వాటిపైన మెట్ల వలె అమరిన భూములు, నడుమ అడవితో నిండిన పీఠభూమి - ఇదీ దీవి స్వరూపం. అన్నింటికంటె ఎత్తైన ప్రదేశం 361 మీటర్లు. వర్షాకాలం ఆరంభం కాగానే కోట్లాది ఎర్రపీతలు అడవిని విడిచి, గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు నడిచి వెళ్లే దృశ్యం ఈ దీవికి ప్రపంచఖ్యాతిని తెచ్చింది. అబ్బట్ బూబీ అనే సముద్రపక్షి ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క దీవిలోనే గూళ్లు కట్టుకొంటున్నది.

ఈ దీవి ఏనాడూ ఏ ఖండంతోనూ కలిసి ఉండలేదు. కనుక అక్కడి జీవులన్నింటి పూర్వులు ఎగిరి వచ్చినవో, గాలికి కొట్టుకొని వచ్చినవో, సముద్రంలో తేలి వచ్చినవో అయి ఉండాలి. తుఫానులకు కూలి సముద్రంలో పడిన చెట్ల మానులు బల్లుల వంటి చిన్న ప్రాణులకు తెప్పలుగా ఉపయోగపడతాయి. ఆ విధంగా ఏనాడో ఒడ్డుకు చేరిన కొన్ని బల్లుల సంతతి, తమ జాతితో సంబంధం తెగిపోయి, వేలాది తరాలపాటు అక్కడి పరిస్థితులకు అనుగుణంగా మార్పు చెందుతూ చివరకు ఒక ప్రత్యేక జాతిగా రూపొందినది. ఒక ప్రాంతంలో తప్ప మరెక్కడా లేని ఇటువంటి జాతులను స్థానీయ జాతులు అంటారు. క్రిస్మస్ దీవిలో ఇట్టి సరీసృపాలు ఐదు ఉండేవి. వాటిలో రెండు బల్లులు, రెండు నలికిరులు, ఒకటి వానపామును పోలిన గుడ్డిపాము.

చిన్న ప్రాణి, గొప్ప నిర్మాణం

1887లో ఎగేరియా అనే బ్రిటిష్ నౌక ఈ దీవిని సందర్శించింది. ఆ నౌకలో ప్రయాణించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ జాక్సన్ లిస్టర్ దీవిలోని జంతువులను, మొక్కలను సేకరించి లండనుకు తీసుకొనిపోయాడు. అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో సరీసృపాలను అధ్యయనం చేస్తున్న జార్జి ఆల్బర్ట్ బౌలెంజర్ వాటిని పరిశీలించి, ఈ బల్లి శాస్త్రలోకానికి కొత్తదని గుర్తించాడు. దానిని సేకరించిన వ్యక్తి పేరుతోనే దానికి పేరు పెట్టాడు. నేడు దాని శాస్త్రీయ నామం లెపిడోడాక్టైలస్ లిస్టెరి. అదే దీవికి చెందిన నీలితోక నలికిరికి నౌక పేరు మీదుగా క్రిప్టోబ్లెఫారస్ ఎగేరియే అనే పేరు వచ్చింది. ఒక ప్రయాణంలోని మనిషి, నౌక ఇద్దరూ ఈ విధంగా రెండు చిన్న ప్రాణుల పేర్లలో నిలిచిపోయారు.

లిస్టర్ బల్లి చూపుకు ఆర్భాటం లేని ప్రాణి. తోక కాక దాని శరీరం పొడవు సుమారు ఐదు సెంటీమీటర్లు. ఒళ్లంతా బూడిద, గోధుమ రంగుల కలయిక. తల నుండి తోక వరకు వీపు మీదుగా లేతరంగు పట్టీ ఒకటి సాగిపోతుంది. చెట్టు బెరడు మీద కదలక ఉన్నప్పుడు దానిని గుర్తించడం కష్టం. పగలు బెరడు కింద దాగి ఉండి, రాత్రివేళ కొమ్మలపై తిరుగుతూ చిన్న చిన్న పురుగులను పట్టి తింటుంది.

బల్లులు నున్నని గోడపైనా, పైకప్పుపైనా తలకిందులుగా ఎట్లా నడవగలుగుతున్నాయి? ఈ ప్రశ్న అరిస్టాటిల్ కాలం నుండి పండితులను ఆలోచింపజేసింది. వాటి వేళ్లలో జిగురు లేదు, జలగకు వలె పీల్చుకొనే అవయవమూ లేదు. వేళ్ల అడుగున వరుసలు తీరిన సన్నని మడతలున్నాయి. ఆ మడతలపై కంటికి కనిపించనంత సూక్ష్మమైన రోమాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క రోమం కొన మళ్లీ వందలాది పాయలుగా చీలి ఉంటుంది. ఆ పాయలు గోడకు అత్యంత సమీపంగా చేరినప్పుడు, గోడలోని అణువులకు, రోమాలలోని అణువులకు మధ్య స్వల్పమైన ఆకర్షణ ఏర్పడుతుంది. భౌతికశాస్త్రం దీనిని వాండర్ వాల్స్ బలం అంటుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఈ ఆకర్షణ లెక్కలోనికి రానిది. కోట్ల సంఖ్యలో కలిసినప్పుడు అదే బల్లి శరీరాన్ని మోస్తుంది. వేలి కోణాన్ని మార్చగానే పట్టు వదులుతుంది, కనుకనే బల్లి అంత వేగంగా పరుగెత్తగలుగుతున్నది.

ఇటువంటి నిర్మాణం ఒక్క రోజులో ఏర్పడేది కాదు. ప్రతి బల్లి జాతి వెనుక లక్షల ఏండ్ల పరిణామ చరిత్ర ఉన్నది. ఒక జాతి నశించినదంటే ఒక ప్రాణి మరణించినదని కాదు, ఆ చరిత్ర ఇక కొనసాగదని అర్థం.

మానవుని రాక

1888 వరకు ఈ దీవిలో మనుషులు స్థిరంగా నివసించలేదు. లిస్టర్ కాలంలోనే అక్కడి నుండి సేకరించిన రాళ్లను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ మర్రే పరీక్షింపజేసి, వాటిలో మేలైన ఫాస్ఫేటు ఉన్నదని తెలుసుకొన్నాడు. పొలాలకు ఎరువుగా ఫాస్ఫేటు ఎంతో విలువైనది. 1888లో బ్రిటన్ ఆ దీవిని స్వాధీనం చేసుకొన్నది. ఆ శతాబ్దం ముగిసేనాటికి గనుల తవ్వకం ప్రారంభమైనది. 1958లో దీవి ఆస్ట్రేలియాకు సంక్రమించినది. గనుల కోసం దాదాపు నాలుగోవంతు అడవిని నరికివేశారు. అయినా 1980లో జాతీయవనం ఏర్పడడం వలన మిగిలిన అడవిలో అధికభాగానికి రక్షణ లభించినది. నేడు దీవిలో సుమారు అరవై మూడు శాతం జాతీయవనమే.

నష్టం గొడ్డలితో మాత్రమే రాలేదు. నౌకలలో సరుకులతోపాటు పిలవని అతిథులు కూడా దిగారు. వారిలో మొదటివి నల్ల ఎలుకలు. అంతకుముందు దీవిలో రెండు స్థానీయ ఎలుక జాతులుండేవి. వాటిలో మాక్లియర్ ఎలుకలు రాత్రివేళ అడుగడుగునా కనిపించేవని 1897-98లో దీవిపై నెలల తరబడి ఉండి పరిశోధన చేసిన చార్లెస్ ఆండ్రూస్ రాశాడు. ఆయన 1908లో తిరిగి వచ్చి చూస్తే ఆ రెండు జాతులలో ఒక్క ఎలుక కూడా కనిపించలేదు. బయట నుండి వచ్చిన ఎలుకల ద్వారా ఒక సూక్ష్మజీవి స్థానిక ఎలుకలకు సోకి వాటిని అంతం చేసినదని అప్పుడే కొందరు ఊహించారు. మ్యూజియంలలో భద్రపరచిన పాత ఎలుక చర్మాల నుండి డి.ఎన్.ఎ.ను వెలికితీసి, 2008లో శాస్త్రజ్ఞులు ఈ ఊహకు బలమైన ఆధారం చూపారు. అడుగడుగునా కనిపించిన జాతులు పదేండ్లయినా గడవక ముందే అదృశ్యమైనవి. దీవి చేసిన మొదటి హెచ్చరిక అది.

తరువాత పసుపు రంగు పిచ్చిచీమల వంతు వచ్చింది. దిక్కు తోచనట్లు అటూ ఇటూ పరుగెత్తే స్వభావాన్ని బట్టి వాటికి ఆ పేరు వచ్చింది. అవి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలోనే దీవికి చేరినా, చాలకాలం అణగి ఉన్నవి. 1989 నుండి బ్రహ్మాండమైన పుట్టలుగా విస్తరించినవి. దీనికి కారణం చెట్ల రసాన్ని పీల్చే లక్కపురుగులు. అవి కూడా బయట నుండి వచ్చినవే. ఆ పురుగులు విసర్జించే తియ్యని ద్రవం చీమలకు ఆహారం. చీమలు ఆ పురుగులకు కాపలా. ఒకదానికొకటి తోడై రెండూ పెరిగినవి. చీమలు చిమ్మిన ఆమ్లానికి కోట్లాది ఎర్రపీతలు కళ్లు పోయి మరణించినవి. పీతలు తగ్గగానే అవి తినివేసే మొలకలు, ఆకులు పెరిగి అడవి నేల రూపమే మారిపోయినది. 2016లో లక్కపురుగులను నశింపజేసే ఒక సూక్ష్మమైన కందిరీగను మలేషియా నుండి తెచ్చి వదలడంతో చీమలను ఆహారం ద్వారా అదుపు చేసే ప్రయత్నం ప్రారంభమైనది.

ఎదురులేని చోటికి వచ్చిన శత్రువు

ఇన్ని ఉపద్రవాల మధ్య కూడా 1979 నాటికి బల్లులు, నలికిరులు క్షేమంగానే ఉన్నవి. అయితే 1987లో దీవిలోని జనావాసాల సమీపంలో ఒక కొత్త పాము కనిపించింది. ఆగ్నేయాసియా నుండి సరుకులతోపాటు వచ్చినదని భావిస్తున్న ఆ పామును తోడేలు పాము అంటారు. ముందరి పళ్లు పొడవుగా, తోడేలు కోరలను తలపించేటట్లు ఉండడం వలన దానికి ఆ పేరు వచ్చింది. నున్నని చర్మంతో ఒళ్లు బిగించిన బల్లులను, నలికిరులను జారిపోనీయక పట్టడానికి ఆ పళ్లు ఉపయోగపడతాయి.

ఈ పాము మనకు పూర్తిగా అపరిచితమైనది కాదు. దీనికి దగ్గరి బంధువైన మరొక తోడేలు పాము మన తెలుగు ప్రాంతాలలో ఇండ్ల పరిసరాలలో తరచుగా కనిపిస్తుంది. బల్లుల కోసం రాత్రివేళ గోడలెక్కే ఆ పాముకు విషం లేదు. ఒంటిపై ఉన్న తెల్లని పట్టీలను చూసి కట్లపాము అనుకొని మనవారు దానిని చంపుతూ ఉంటారు. ఇక్కడ ఆ పాము ఉన్నది, బల్లులూ ఉన్నవి. ఒకటి ఉన్నందువలన రెండవది అంతరించలేదు. అటువంటప్పుడు క్రిస్మస్ దీవిలో అదే రకమైన పాము అంతటి వినాశనానికి ఎందుకు కారణమైనది?

సమాధానం జీవుల గత చరిత్రలో ఉన్నది. ఆసియా ఖండంలోని బల్లులు తరతరాలుగా పాములతో కలిసి జీవించినవి. పాము వాసన పసిగట్టడం, సమయానికి తప్పుకోవడం, ఎక్కువగా గుడ్లు పెట్టి నష్టాన్ని పూడ్చుకోవడం - ఇట్టి లక్షణాలున్న వాటి సంతతే నిలిచినది. క్రిస్మస్ దీవిలోని పూర్వపు పాము ఒక్క గుడ్డిపాము మాత్రమే. అది మట్టిలో ఉంటూ చిన్న పురుగులను తినేది. చెట్లెక్కి బల్లులను వేటాడే పాము అన్నది లిస్టర్ బల్లి పూర్వులకు ఎన్నడూ ఎదురుకాలేదు. లేని శత్రువు నుండి పారిపోవడం ఏ ప్రాణికి అలవడుతుంది? ఎదురులేని జీవితం దానికి వరంగానే ఉండేది. శత్రువు వచ్చిన నాడు అదే శాపమైనది.

అదే దీవికి ఆసియా నుండి వలస వచ్చిన గోడబల్లులు నేటికీ హాయిగా బతుకుతున్నవి. పాముతో పరిచయం ఉన్న జాతి నిలిచినది, లేని జాతి పోయినది. స్థానిక జాతులు మొదట జనావాసాలున్న ఈశాన్య భాగంలో తగ్గి, ఆ తరువాత క్రమంగా పడమటి వైపు తగ్గుతూ వచ్చినవి. పాము వ్యాపించిన దారీ అదే. అందువలన శాస్త్రజ్ఞులు అనేకులు ఈ పామునే ప్రధాన కారణంగా భావిస్తున్నారు. బయట నుండి వచ్చిన పెద్ద జెర్రులు, పిల్లులు, చీమలు కూడా తమ వంతు హాని చేసి ఉంటాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత పసిఫిక్ మహాసముద్రంలోని గ్వామ్ దీవిలో ఒక గోధుమ రంగు చెట్టుపాము ప్రవేశించి, అక్కడి అడవి పక్షులను దాదాపు తుడిచిపెట్టిన వృత్తాంతం కూడా ఇటువంటిదే.

ఆలస్యానికి, సకాలానికి మధ్య

ఇక్కడ మూడు ప్రాణుల కథలను పక్కపక్కన ఉంచి చూడాలి.

మొదటిది ఒక గబ్బిలం. క్రిస్మస్ దీవి పిపిస్ట్రెల్ అని పిలిచే ఈ చిన్న స్థానీయ గబ్బిలం 1990ల నుండే తగ్గిపోతున్నట్లు పరిశీలకులు గుర్తించారు. మిగిలినవాటిని పట్టి సంరక్షణలో పెంచాలని నిపుణులు కోరారు. అనుమతి లభించి పట్టేవారు దీవికి చేరేసరికి 2009 ఆగస్టు వచ్చింది. రాత్రివేళ పరికరాలకు వినిపించినది ఒకే ఒక గబ్బిలం గొంతు. అది వలలకు చిక్కలేదు. ఆగస్టు 26వ తేదీ తరువాత ఆ గొంతు మళ్లీ వినపడలేదు. 2017లో ఆ జాతి అంతరించినట్లు ప్రకటించారు.

రెండవది అడవి నలికిరి. ఒకప్పుడు అడవిలో ఎండపొడ పడిన ప్రతిచోటా కనిపించిన ప్రాణి అది. దానిని కాపాడాలని పూనుకొనేసరికి చేతికి చిక్కినవి కొద్దిపాటి ఆడ నలికిరులు మాత్రమే. జత లేని జాతికి సంతానమెక్కడిది? వాటిలో చివరిది గంప్ అనే ముద్దుపేరుతో పెరిగి, 2014 మే 31న మరణించింది. ఆ రోజుతో ఒక జాతి భూమిపై ముగిసిపోయినది. ఒక జాతి అంతరించిన తేదీ మానవులకు ఇంత స్పష్టంగా తెలిసిన సందర్భాలు బహు కొద్ది.

మూడవది లిస్టర్ బల్లి. 1987 తరువాత అది శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అంతరించినదేమోనని భయపడుతున్న సమయంలో, 2009లో దీవిలోని అడవిలో మళ్లీ కనిపించింది. జాతీయవన అధికారులు ఈసారి ఆలస్యం చేయలేదు. నలభైకి పైగా లిస్టర్ బల్లులను, అరవైకి పైగా నీలితోక నలికిరులను పట్టి సంరక్షణలో ఉంచారు. 2011లో వాటిలో కొన్నింటిని సిడ్నీలోని టరాంగా జంతుప్రదర్శనశాలకు పంపారు. అడవిలో చివరి లిస్టర్ బల్లి కనిపించినది 2012 అక్టోబరులో. పట్టడం మరి మూడేండ్లు ఆలస్యమై ఉంటే ఈ కథ కూడా అడవి నలికిరి కథ వలెనే ముగిసి ఉండేది.

ఒకే దీవి, ఒకే కాలం, ఒకే ఆపద. ఫలితాలలోని తేడాకు కారణం మాత్రం పూనుకొన్న సమయం.

పంజరంలో ప్రాణం

కాపాడడం అంటే పట్టి ఉంచడం మాత్రమే కాదు. నలభైకి పైగా బల్లులతో ఒక జాతి మొత్తాన్ని పునర్నిర్మించాలి. రక్తసంబంధం ఉన్న బల్లులే మళ్లీ మళ్లీ జతకట్టితే సంతానం బలహీనమవుతుంది. అందువలన ఏ బల్లి ఏ తల్లిదండ్రుల సంతానమో లెక్క రాసి, దూరపు బంధువులను ఎంచి జతకలపాలి. మన పెద్దలు పెండ్లి సంబంధాలలో గోత్రం అడిగినట్లే, అక్కడి సంరక్షకులు బల్లుల వంశవృక్షాన్ని చూస్తారు. ఈ శ్రమ ఫలించి బల్లుల సంఖ్య కొన్ని సంవత్సరాలలోనే వందలకు చేరినది.

అయితే సంరక్షణలోనూ ఆపద తప్పలేదు. 2014లో దీవిలోని కేంద్రంలో కొన్ని బల్లుల, నలికిరుల ముఖాలు ఉబ్బి వికృతమైనవి. అంతకుముందు ఎవరికీ తెలియని ఒక బాక్టీరియా అందుకు కారణమని తేలినది. బోనుల వెలుపల తిరిగే వలస గోడబల్లులలోనూ తరువాత అదే సూక్ష్మజీవి కనిపించింది. గోడబల్లులు దీవికి మోసుకొని వచ్చినది తమను మాత్రమే కాదన్నమాట. బల్లులను రెండు చోట్ల ఉంచడం ఎంత ముందుచూపో అప్పుడు అర్థమైనది. ఒకచోట వ్యాధి ప్రబలినా మరొకచోట జాతి నిలిచి ఉంటుంది. పంటగింజలను ఒకే పాతరలో దాచని రైతు వివేకం ఇది.

మరి వీటిని తిరిగి అడవిలో విడిచిపెట్టవచ్చును కదా అని మీకు తోచవచ్చును. అడవి సిద్ధంగానే ఉన్నది, కాని పాము కూడా అక్కడే ఉన్నది. దీవి అంతటా వ్యాపించిన పామును పూర్తిగా తొలగించే ఉపాయం నేటికీ లభించలేదు. నీలితోక నలికిరుల విషయంలో ఒక ప్రయత్నం చేశారు. పాములు ప్రవేశించని కంచె నిర్మించి, దానిలో వాటిని విడిచారు. పాములను కంచె ఆపినది గాని పెద్ద జెర్రులను ఆపలేకపోయినది. జెర్రులు వాటిని వేటాడినవి. తరువాత 2019లో, క్రిస్మస్ దీవికి పడమటి దిశలో సుమారు వేయి కిలోమీటర్ల దూరంలోని కోకోస్ దీవులలో, తోడేలు పాము లేని ఒక చిన్న దీవిని ఎంచి, 150 నీలితోక నలికిరులను విడిచిపెట్టారు. అవి అక్కడ నిలదొక్కుకొని పిల్లలను పెట్టినవి. పుట్టిన దీవి కాకపోయినా, ఆకాశం కింద స్వేచ్ఛగా బతికే అవకాశం వాటికి కలిగినది.

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య ప్రకటించే ఎర్ర జాబితాలో ఒక ప్రత్యేకమైన తరగతి ఉన్నది. దాని పేరు 'ప్రకృతిలో అంతరించినవి'. అంటే పూర్తిగా చావలేదు, పూర్తిగా బతికీ లేదు. 2017లో లిస్టర్ బల్లిని ఆ తరగతిలో చేర్చారు. బోనులో పుట్టిన బల్లికి ఆహారం వేళకు దొరుకుతుంది, శత్రుభయం లేదు. కాని అది వేటాడి తినడానికి, వానలో తడవడానికి, అడవిలో తన పాత్రను నిర్వహించడానికి అవకాశం లేదు. మనుషుల శ్రద్ధ, ప్రభుత్వాల నిధులు ఉన్నంతకాలమే దాని ఉనికి. ఒక జాతి ప్రాణం కొందరి చేతి చలువ మీద ఆధారపడడం అంటే ఇదే.

మనం నేర్చుకోవలసినది

అంతరించిపోయే ప్రాణి అనగానే పులి, ఖడ్గమృగం, బట్టమేకపక్షి మన మనసులో మెదులుతాయి. అవి అరుదైనవని మనకు ముందే తెలుసు. కాని మాక్లియర్ ఎలుక, అడవి నలికిరి, లిస్టర్ బల్లి ఒకప్పుడు అరుదైనవి కావు. సమృద్ధిగా ఉన్నవి కనుకనే వాటిని గూర్చి ఎవరికీ చింత కలుగలేదు. సమృద్ధి రక్షణ కాదని, దానిని ఎప్పటికప్పుడు లెక్కించి చూస్తూ ఉండాలని ఈ దీవి చెబుతున్నది. 1979లో బల్లులు ఎన్ని ఉండేవో శాస్త్రజ్ఞులు పరిశీలించి రాసిపెట్టి ఉండకపోతే, తరువాత తగ్గినవని తెలిసేది కాదు. తగ్గినవని తెలియకపోతే కాపాడేవారే ఉండరు. ఓపికతో చేసిన ఒక గణన ఒక జాతిని బతికించగలదు.

ఈ పాఠం సముద్రాల ఆవలి వారికి మాత్రమే పరిమితం కాదు. మన తూర్పు కనుమలలో బంగారు బల్లి అనే జాతి ఉన్నది. తిరుమల కొండలు మొదలైన చోట్ల పెద్ద బండల చీలికలలో, గుహలలో అది నివసిస్తుంది. పసుపుపచ్చని మేనిఛాయ వలన దానికి ఆ పేరు వచ్చింది. 1870లో బెడ్డోమ్ అనే శాస్త్రజ్ఞుడు దానిని తొలిసారిగా వర్ణించాడు. తూర్పు కనుమలలో తప్ప అది మరెక్కడా లేదు. చుట్టూ సముద్రం లేకపోయినా, ఎండిన మైదానాల నడుమ ఉన్న ఆ కొండలే దానికి దీవులు. ఏటా లక్షలాది యాత్రికులు ఆ కొండలెక్కుతారు. వారిలో ఎందరికి ఈ ప్రాణి సంగతి తెలుసు?

ఈ రాత్రి మీ ఇంటి దీపం దగ్గరకు వచ్చే బల్లిని ఒకసారి నిదానంగా చూడండి. దాని వేళ్ల కింద ఉన్న లక్షల రోమాలను, దాని వెనుక ఉన్న లక్షల ఏండ్లను తలచుకోండి. క్రిస్మస్ దీవిలోని అడవిలో ఈ వేళకు చీకటి పడుతుంది. చెట్ల బెరడు కింది నుండి బయటకు రావలసిన చిన్న ప్రాణి ఒకటి అక్కడ లేదు. దాని సంతతి దూరాన గాజుపెట్టెలలో నిరీక్షిస్తున్నది. ఆ నిరీక్షణ ఫలించి అవి మళ్లీ తమ అడవికి చేరగలవా అన్నది మానవుని వివేకం, ఓర్పుల మీద ఆధారపడి ఉన్నది. పోగొట్టినది మానవుడే కనుక తిరిగి తెచ్చే బాధ్యత కూడా అతనిదే.